నూట నలభై మూడో పుస్తకం

ఒక పత్రికలో పుస్తకాల పేజీ కొత్తగా చేపట్టిన అమ్మాయి పోయిన నెలలో నాకు ఫోన్ చేసింది. "మీ రోజుల్లో కూడా పార్టీ చూసి పుస్తకాలు ఎంచుకునేవారా అమ్మా?" అని అడిగింది. ఎంచుకునేవారన్నాను. ఎవరని అడిగింది. "నేనే" అన్నాను. నేను హాస్యమాడాననుకుని ఆ అమ్మాయి నవ్వింది. హాస్యం కాదు. ఫోన్‌లో వివరం చెప్పడం కుదరలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

1992 సెప్టెంబరు నుంచి 1999 మే వరకు, అంటే ఆరేళ్ళ తొమ్మిది నెలలు, దోహాలో ఒక ఇంగ్లీషు దినపత్రిక ఆఫీసులో పనిచేశాను. అంతకు ముందు బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉండేదాన్ని. మావారికి దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. నేను వెంట వెళ్ళి, నాలుగు నెలలు ఖాళీగా కూర్చోలేక, ఈ ఉద్యోగం చూసుకున్నాను. సమీక్ష కోసం వచ్చే పుస్తకాలను రిజిస్టరులో ఎక్కించడం, సర్దడం, అచ్చయిన సమీక్షలను కత్తిరించి అంటించడం నా పని. రచయితలు వచ్చి "మా పుస్తకం ఏమైంది?" అని అడిగితే మర్యాదగా జవాబు చెప్పడం కూడా నా పనే. నాలుగింటిలో అదే కష్టమైనది.

పుస్తకాల పేజీ చూసే ఎడిటర్ గారు మలయాళీ. అప్పటికి యాభై రెండేళ్ళు. తెల్ల చొక్కా తప్ప వేసేవారు కాదు. పాలు లేని సులేమానీ టీ రోజుకు ఐదుసార్లు తాగేవారు, ఐదోది నాలుగున్నరకు. సెలవు మీద ఊరు వెళ్ళి వచ్చినప్పుడల్లా నా పేరు రాసిన అరటికాయ చిప్స్ పొట్లం ఒకటి విడిగా తెచ్చేవారు. మనిషి మంచివారు. కాని పక్కా వామపక్షం. పుస్తకం చేతికివ్వగానే మొదటి పేజీ చూసేవారు కాదు, కృతజ్ఞతల పేజీ తీసేవారు. రచయిత ఎవరెవరికి దండం పెట్టాడో చదివి, "మనవాడే" అని కుడిచేతి వైపు పెట్టేవారు. లేదా "మేడమ్, దీని కోసం నా కళ్ళెందుకు పాడుచేసుకోవాలి?" అని తిరిగి నా చేతికే ఇచ్చేసేవారు.

నేను చేరిన మొదటి ఆరు నెలల్లో అలా మూడు పుస్తకాలు తిరిగొచ్చాయి. నాలుగోది ఆయన దగ్గరకు తీసుకెళ్ళలేదు. పనికిరాదని తెలిసినదాన్ని తీసుకెళ్ళి ఆయన సమయం పాడుచేయడం ఎందుకని నేనే కింది అరలో పెట్టేశాను. లైబ్రరీలో పనిచేసిన మనిషికి అది తప్పనిపించదు. అది సర్దడం.

ఇక అసలు సంగతి. 1996 జూన్ 7, శుక్రవారం. అక్కడ శుక్రవారం అందరికీ సెలవు, పత్రికకు లేదు. నా సెలవు శనివారం. పగలు పదకొండున్నరకు కరీంనగర్ జిల్లా మనిషి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అల్ ఖోర్ అవతల గ్యాస్ ప్లాంటు పనుల్లో స్టీల్ ఫిక్సర్. కాంక్రీటు పోసే ముందు ఇనుప చువ్వలు కట్టే పని. శుక్రవారం పూట కంపెనీ బస్సు కార్మికుల క్యాంప్ వాళ్ళను దోహా తెచ్చి దించి, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఎక్కించుకుపోతుంది. ఆ బస్సులో వచ్చాడు. సంచిలోంచి ఒక తెలుగు పుస్తకం తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

"నేనే రాసిన మేడం. కథలు. కరీంనగర్ల అచ్చేసిన్రు. మీ పేపర్ల నెలకొక్కసారి మన భాషల బుక్కుల గురించి రాస్తరట గద?"

రాసేవాళ్ళం. పేజీ అడుగున అరకాలమ్, ఇంగ్లీషులో మూడు వందల మాటలు, ఆ భాష తెలిసినవాళ్ళ చేత రాయించేవారు. ఆఫీసులో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

వరుస సంఖ్య 143 వేసి రిజిస్టరులో ఎక్కించాను. ఆయన వెళ్ళాక పుస్తకం తెరిచాను. మొదటి రెండు ఆకులు మందపాటి నున్నటి కాగితం. ఒకదాని మీద వాళ్ళ ప్రాంతపు నాయకుడి రంగుల ఫోటో, దండలతో, చేతులు జోడించి. తర్వాతి దాని మీద ఆయన శుభాకాంక్షలు, కింద సంతకం. తెలుగులో సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. కాగితం ఖర్చు పెట్టుకున్నవాడి మొహం కథకంటే ముందు వస్తుంది.

ఆ నాయకుడి పార్టీ అంటే మా పుట్టింట్లో పడదు. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అనవసరం. మా నాన్నగారు ఆ పార్టీ వాళ్ళు పెళ్ళికి పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేవారు. నేను పుస్తకం మూసి కింది అరలో పెట్టాను. ఆయన లోపలికి రావడానికీ, పుస్తకం కింది అరకు చేరడానికీ మధ్య పావుగంట కూడా పట్టలేదు.

జులైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వచ్చి అడిగాడు. "పరిశీలనలో ఉందండీ" అన్నాను. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. వారానికి ఇద్దరు ముగ్గురికి చెప్పే మాట కావడంతో గుచ్చుకోలేదు.

నవంబరు 8న మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"మేడం, ముప్పై తారీకు నాకు ఎగ్జిట్. పదకొండేండ్లైంది. ఇగ మళ్ళ రాను. అంతలోపట అస్తదా, రాదా? ఖుల్లగ చెప్పున్రి."

ఖచ్చితంగా చెప్పలేనన్నాను. వెళ్ళాక పోస్టులో పంపిస్తానన్నాను.

"పంపుడు కాదు మేడం. నా బుక్కు ఇప్పటిదాంక ఒక్కరు గూడ సదవలేదు. మీకు తెల్వదు. క్యాంప్‌ల ఇరవై మందికి ఇచ్చిన. ఆ పార్టీ వోళ్ళు ఫోటో చూసి దండం బెట్టి పెట్టెల వెట్టుకున్నరు. ఈ పార్టీ వోళ్ళు ఫోటో చూసి నాకే వాపస్ ఇచ్చిన్రు. లోపల కథలున్నయని ఎవ్వనికి యాది లేదు. ఊర్లెనేమో, దుబాయ్ పోయిండు, ఇనుము కట్టిండు, గంతే అంటరు. ఒక్కరన్న సదివి, మంచిగున్నది అనున్రి, మంచిగ లేదనున్రి, సదివిన్రని పేపర్ల రావాలె. అది వట్టుకొని పోవాలని ఉన్నది."

"ఆ ఫోటో వేయకుండా ఉండాల్సిందండీ" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది.

"కాయితం ఆయన ఇప్పిచ్చిండు మేడం. ఫోటో ఎయ్యకుంటె ఇయ్యనన్నడు. ఆ నాలుగు పేజీల కోసం నా ఏడో కథ తీసేసిన్రు. ఇప్పుడు ఆరే ఉన్నయి" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వెళ్తూ రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు శనివారం నాకు సెలవు. కూర్చుని లెక్క తీశాను. నా కోపమంతా ఎడిటర్ గారి మీద. ఈయన పక్షపాతం వల్ల కదా నేను ఒక కూలివాడికి అబద్ధం చెప్పాల్సి వస్తోందని.

జనవరి 1 నుంచి అక్టోబరు ఆఖరు వరకు వచ్చిన పుస్తకాలు 187, వేసవి మొదలయ్యాక రాక పలచబడింది. అందులో ఆయన పక్షానివి 58, అవతలి పక్షానివి 49. వంటలు, గుర్రాలు, ప్రయాణాల వంటి ఏ పక్షానికీ చెందనివి 80. అచ్చయిన సమీక్షలు మొత్తం 80. ఆయన పక్షానికి 37, ఏ పక్షమూ కానివాటికి 39, అవతలి పక్షానికి నాలుగు. నాలుగంటే నాలుగే. ఒక తెల్ల కాగితం మీద గీతలు కొట్టి శుభ్రంగా రాసుకున్నాను.

12వ తేదీ మంగళవారం, రెండో టీకి నాలుగో టీకి మధ్య మనిషి ప్రశాంతంగా ఉండే వేళ చూసి, ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. నేను కోపగించుకుంటారనుకున్నాను.

"నలభై తొమ్మిదికి నాలుగు. ఇది సిగ్గుపడాల్సిన విషయం మేడమ్. నేను ఇంత చెడ్డవాణ్ణని నాకు తెలియదు. రిజిస్టరు చూడొచ్చా?"

సంతోషంగా ఇచ్చాను. నా రిజిస్టరులో ఏడు గడులుంటాయి. ఆరో గడి, పుస్తకం ఎడిటర్ టేబుల్ మీద పెట్టిన తేదీ. ఎవరూ అడగకపోయినా ఆ గడి నేనే గీసుకున్నాను, ఏ పుస్తకం ఎన్నాళ్ళు ఆయన దగ్గర ఆగిందో తెలియాలని. ఆయన వేలు ఆ గడి వెంట మెల్లగా కిందికి జరిగింది. ఒక్కో పేజీ దగ్గర పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నారు. తొమ్మిది నిమిషాలు పట్టింది.

"మేడమ్, ఈ నలభై తొమ్మిదిలో నా టేబుల్ మీదికి వచ్చినవి పదకొండు. పదకొండులో నాలుగు వేశాను. అది కూడా తక్కువే, ఒప్పుకుంటాను. మిగతా ముప్పై ఎనిమిది ఏవి?"

"కింది అరలో ఉన్నాయి."

"అక్కడికి ఎలా వెళ్ళాయి?"

"మీరు వద్దంటారని..."

"నేను అన్నానా?"

అనలేదు. ముప్పై ఎనిమిది ఖాళీ గడులు. అన్నీ నా చేతి గీతల మధ్యే. జీవితంలో లెక్క తప్పానని ఎవరూ నన్ను అనలేదు. ఆ రోజు కూడా లెక్క తప్పలేదు. లెక్క వేసిన మనిషిని అందులో కలుపుకోవడం మరిచిపోయాను.

ఆయన కింది అర దగ్గరకు స్వయంగా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పుస్తకం తీశారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళు దుమ్ము పట్టాయి. నూట నలభై మూడు చేతికి రాగానే ఫోటో పేజీ తెరిచారు.

"ఇది మీ భాష కదా? ఇది ఎందుకు ఆపారు?"

"ఆ ఫోటోలో ఉన్నాయన వల్ల."

"ఎవరాయన? సినిమా నటుడా?"

"కాదండీ, ఫలానా పార్టీ నాయకుడు."

"మేడమ్, ఆయన ఎవరో నాకు ఇప్పుడు మీరు చెప్తేనే తెలిసింది. ఆయన మీద నాకెందుకు కోపం? ఇది నా కోసం ఆపలేదు. ఇది మీ సొంతం" అని నవ్వారు. వెక్కిరింత లేదు అందులో. తప్పు తన ఒక్కడిదే కాదని తేలినందుకు ఊరట పడిన నవ్వు. "చదవండి. రాయండి. 29వ తేదీ పేజీ. ఆ వారం బుధవారం మధ్యాహ్నానికి నాకు కావాలి. నేను కూడా ఇక నుంచి కృతజ్ఞతల పేజీ ఆఖర్న చూస్తాను. చూడకుండా ఉండగలనని మాత్రం చెప్పను."

పుస్తకం రెండు రోజుల్లో చదివాను. ఆశ్చర్యపోయాను. చువ్వలు కట్టే మనిషి వాక్యాన్ని కూడా అలాగే బిగించి కట్టాడు. ఎక్కడా వదులు లేదు. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒక్కటే కిటికీ, ఆ కిటికీ పక్క మంచం ఎవరికి దక్కాలన్న కథ ఇప్పటికీ గుర్తుంది. మూడు వందల మాటలు రాశాను. ఆఖర్న, "ఇంత మంచి పుస్తకం ముందు అంత పెద్ద ఫోటో ఉండటం విచారకరం" అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం చూసుకుంటే నాకు ముచ్చటేసింది.

ఆ బుధవారం పదకొండింటికి పేజీ కట్టే లాహోరు ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్, కార్పెట్ల ప్రకటన వచ్చింది. ఇరవై మాటలు కోయండి. యల్లా యల్లా!"

నేను కిటికీ కథ దగ్గర కోయబోయాను. ఎడిటర్ గారు పెన్ను తీసుకుని ఫోటో వాక్యం కొట్టేశారు.

"ఆ వాక్యం పుస్తకం గురించి కాదు మేడమ్. మీ గురించి."

29వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడూ పదికి ఆయన వచ్చాడు. క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మర్నాడు బొంబాయి విమానం. పన్నెండు పత్రికలు విడిగా తీసి ఉంచాను, ఇచ్చాను. పేజీ అడుగున తన పేరు వేలితో వెతుక్కున్నాడు. పేరు వరకు గుర్తుపట్టాడు, మిగతా ఇంగ్లీషు తెలియదు.

"మీరే సదివి తెలుగుల చెప్పున్రి మేడం."

రిసెప్షన్‌లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని వాక్యం వాక్యంగా చెప్పాను. తల వంచుకుని విన్నాడు. కిటికీ కథ దగ్గర మెల్లగా తలూపాడు. అయిపోయింది.

"మంచిగ రాసిన్రు మేడం. మస్తు మంచిగ రాసిన్రు." చొక్కా మడత సరిచేసుకున్నాడు. "మూడోది సదవలేదా?"

"ఏది?"

"మొత్తం ఆరు గద. మీరు అయిదింటి మాట చెప్పిన్రు. మూడో కథ ముచ్చటనే రాలె."

ఆయన లెక్క సరైనదే. మూడో కథ చదవలేదు. మొదటి పేరాలోనే ఒక నాయకుడు ఊరికి రావడం, దండలు, జిందాబాద్‌లు. కాగితం ఇచ్చిన ఋణం తీర్చుకోవడానికి రాసి ఉంటాడనుకుని పేజీలు తిప్పేశాను. ఎడిటర్ గారి ముందు అంత సిగ్గుపడ్డాక, రెండు రోజులకే.

"చదవలేదండీ" అన్నాను. ఈసారి పరిశీలనలో ఉందని అనలేదు.

కోపం రాలేదు ఆయనకు. గోడ గడియారం చూశాడు. "నాలుగింటికి బస్సు. ఇంక అర్ధ గంట ఉన్నది. తొమ్మిది పేజీలే."

పుస్తకం తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చుని చదివాను. రచయిత చూస్తుండగా చదవడమంత కష్టం ఇంకోటి లేదు. కథ ఇది. నాయకుడు ఊళ్ళో బోరింగు ప్రారంభించడానికి వస్తాడు. కొబ్బరికాయ కొట్టి, హ్యాండిలు నాలుగుసార్లు ఊపి, ఫోటో దిగి, ఎండలో రెండు గంటలు ఉపన్యాసం ఇస్తాడు. ఆ రెండు గంటల్లో ఆయన మనుషులు మెల్లగా హ్యాండిలు విప్పుకుంటారు, తర్వాతి ఊళ్ళో ప్రారంభానికి కావాలి కదా. ఉన్నది ఒక్కటే హ్యాండిలు. ఉపన్యాసం అయ్యేసరికి నాయకుడి గొంతు ఎండిపోతుంది. దాహం, నీళ్ళు అంటాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ అంటుంది: "నీళ్ళెక్కడియి బిడ్డా? హ్యాండిలు నీ జీపులనే ఉన్నది గద."

ఏడో పేజీ. నేను బయటికే నవ్వాను. రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసింది.

ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. "ముసలమ్మ మాట కాడనా?"

"అక్కడే."

"ఆ ఒక్క మాట కోసమే రాసిన మేడం కథంత."

"మరి ఆ నాయకుడు ఇది చూడలేదా? ఆయన ఫోటో వేసిన పుస్తకంలోనే..."

"సదివితె కాయితం ఇప్పిస్తుండెనా? ఆయన ఫోటో దాంకనే చూసిండు. మంచిగ పడ్డదన్నడు."

మిగతా రెండు పేజీలూ పూర్తి చేశాను. వచ్చే శుక్రవారం ఈ కథ గురించి నాలుగు వాక్యాలు వేయిస్తానన్నాను. ఎడిటర్ గారు కాదనరని తెలుసు. ఒక నాయకుణ్ణి ఇలా ఉతికిన కథంటే ఆయనకు పండగ.

చేతులు అడ్డంగా ఊపాడు. "అద్దద్దు మేడం. మీకు పున్నెముంటది. రేపు పోయి నేను దిగేది ఆయన మండలంలనే. ఇంగ్లీషు తెలిసినోడెవడో ఒకడు సదివి ఆయనకు చెప్తడు. మాఫీ, వద్దే వద్దు." లేచి పన్నెండు పత్రికలు ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పేపర్ల అయిదు అచ్చినయి, ఊరికి అవి సాలు. ఆరోది మీరు సదువుతుంటె నేనే చూసిన."

బయట బస్సు హారన్ కొట్టింది. అప్పటికి మూడూ యాభై ఎనిమిది. రెండు నిమిషాలు ముందే వచ్చింది. పరుగెత్తాడు.